బటన్ నొక్కితే 12 సెకన్లు: కొత్త పాదచారుల సిగ్నల్‌పై సమీక్ష

రద్దీ రోడ్డును క్షేమంగా దాటే ఏర్పాటు కావాలని చుట్టుపక్కల నివాసులు పట్టువదలక అడిగిన మీదట, మేము రోజూ దాటవలసిన నాలుగు వరుసల రోడ్డుపై, బటన్ నొక్కితే వాహనాలను ఆపే పాదచారుల సిగ్నల్ ఎట్టకేలకు ఏర్పాటైంది. ఒక క్రాసింగ్‌ను సమీక్షించడం కొందరికి వింతగా తోచవచ్చు గాని, ప్రజాధనంతో కట్టించి, వయసుతో నిమిత్తం లేకుండా అందరూ వాడుకొనే సేవ ఇది. చెడిపోయిన వస్తువునైతే దుకాణంలో తిరిగి ఇచ్చేయవచ్చు. ఇల్లు ఒక పక్కన, బడి మరొక పక్కన ఉన్నవారికి క్రాసింగ్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్తంభాలు, దీపాలు, గీతలు, పలకలు వంటి కంటికి కనిపించే భాగాలు చాలావరకు బాగున్నాయి. కంటికి కనిపించని భాగం, అంటే సిగ్నల్ పెట్టెలో నింపిన సెకన్ల లెక్క, బాగాలేదు. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కట్టేది స్తంభానికే తప్ప ఆ లెక్కకు కాదు కనుక, దాని గురించి అడిగేవారు తక్కువ. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

అధికారులు మొదట ఇస్తామన్నది సిగ్నల్ కాదు. తెల్లని అడ్డగీతలు గీయించి, రెండు వైపులా హెచ్చరిక బోర్డులు నిలబెడతామన్నారు. వినతిపత్రంపై సంతకాలు చేసినవారిలో చాలామంది, అడగ్గా అడగ్గా ఇచ్చినదాన్ని కాదనడం ఎందుకని, దానికే తృప్తి పడబోయారు. కొందరం మాత్రం వద్దన్నాము. అమెరికా ఫెడరల్ హైవే విభాగం కోసం జరిగి, 2005లో తుది నివేదికగా వెలువడిన ఒక విస్తృత అధ్యయనంలో తేలిన విషయం మాకు ఇక్కడ బాగా ఉపయోగపడింది. రోజుకు సుమారు 12,000కు మించి వాహనాలు తిరిగే బహుళ వరుసల రోడ్లపై, సిగ్నల్ వంటి మరే ఏర్పాటూ లేకుండా గీతలు మాత్రమే గీసిన చోట్ల, అసలు గీతలే లేని చోట్ల కంటే పాదచారుల ప్రమాదాల రేటు ఎక్కువగా ఉన్నట్టు ఆ అధ్యయనం చెప్పింది. రెండు వరుసల చిన్న రోడ్లపై ఈ తేడా కనిపించలేదు. కాబట్టి గీతలు చెడ్డవని దీని అర్థం కాదు. పెద్ద రోడ్డుపై గీతలను ఒంటరిగా వదిలేయకూడదని అర్థం.

ఇలా ఎందుకు జరుగుతుందో మా రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది. మొదటి వరుసలో వచ్చే బస్సు డ్రైవరు మర్యాదగా ఆగి దాటమని చెయ్యి ఊపుతాడు. ఆ మర్యాదను నమ్మి మనిషి బస్సు ముందు నుంచి నాలుగు అడుగులు వేసి రెండో వరుసలోకి వస్తాడు. ఆ వరుసలో వచ్చే బైకుకు బస్సు అడ్డంగా ఉండడం వల్ల మనిషి కనిపించడు, మనిషికి బైకు కనిపించదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే ప్రమాదం జరిగిపోవచ్చు. బ్రిటన్ రహదారి నియమావళిలోని పట్టిక ప్రకారం గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించిన క్షణం నుంచి పూర్తిగా ఆగేలోగా 23 మీటర్లు పోతుంది. అందులో 9 మీటర్లు బ్రేకు మీద కాలు పడకముందే గడిచిపోతాయి. అదే 32 కిలోమీటర్ల వేగమైతే మొత్తం దూరం 12 మీటర్లే. బస్సు చాటు నుంచి మనిషి బయటపడేది రెండు మూడు మీటర్ల దూరంలో. అంత దగ్గరలో తెల్లగీతలు ఎంత తెల్లగా ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు.

సిగ్నలే కావాలని పట్టుబట్టినప్పుడు ఎదురైన జవాబు, ఇలాంటి ప్రయత్నం చేసే ప్రతి ఊరివారికీ ఎదురయ్యేదే: ఇక్కడ దాటేవారు అంతమంది లేరు. బ్రిటన్‌లో ఈ అవసరాన్ని అంచనా వేయడానికి ఒక సూత్రం చాలాకాలం వాడుకలో ఉండేది. గంటకు దాటేవారి సంఖ్యను, గంటకు పోయే వాహనాల సంఖ్య వర్గంతో హెచ్చవేస్తే వచ్చే ఫలితం 10 కోట్లు మించితే అక్కడ క్రాసింగ్ గురించి ఆలోచించేవారు. ఉదాహరణకు గంటకు 1,000 వాహనాలు పోయే రోడ్డుపై గంటకు 100 మంది దాటితే లెక్క సరిగ్గా ఆ గీత మీదికి వస్తుంది. వాహనాల రద్దీకి ఎక్కువ బరువు ఇచ్చిన మాట నిజమే గాని, ఈ సూత్రంలోని లోపం మొదటి అంకెలోనే ఉంది. దాటడం ప్రాణాంతకంగా ఉన్న చోట దాటేవారు తక్కువే ఉంటారు. పెద్దలు ఇంటి నుంచి కదలరు, పిల్లలను బండి మీద దింపుతారు, ఓపిక ఉన్నవారు దూరంలోని కూడలిదాకా నడిచిపోతారు. నదిని ఈదేవారు ఎందరో లెక్కపెట్టి వంతెన అవసరమో కాదో తేల్చడం వంటిది ఇది. అందుకే బ్రిటన్‌లో కూడా ఆ సూత్రాన్ని ఏకైక కొలమానంగా వాడడం తరువాత తగ్గిపోయింది.

మేము చేసిన పనులలో నాకు అన్నిటికంటే ప్రయోజనకరంగా తోచింది దీనికి సంబంధించినదే. దాటినవారినే కాక, అంచుదాకా వచ్చి కాసేపు నిలబడి వెనుదిరిగినవారిని కూడా విడిగా రాశాము. చంటిబిడ్డను ఎత్తుకొన్నవారు, చేతికర్ర ఉన్నవారు, బడి సంచీ ఉన్నవారు అని గుర్తులు పెట్టాము. బడి విడిచే సమయాన్ని, మధ్యాహ్నపు సమయాన్ని కలిపి సగటు తీయడానికి ఒప్పుకోకుండా వేరువేరు పట్టికలు ఇచ్చాము. సంతకాల కట్టను పక్కన పెట్టిన ఇంజినీరు ఈ పట్టికలను మాత్రం తిరగేసి చూశాడు. ఇలాంటి ఏర్పాటు అడగదలచినవారు సంతకాల కంటే ముందు ఈ పని మొదలుపెట్టడం మంచిది.

ఇక వచ్చిన వస్తువు సంగతి. రోడ్డుకు రెండు వైపులా స్తంభాలు, వాహనాలకు దూరం నుంచే కనిపించేలా రోడ్డు మీదికి వంగిన ఒక చెయ్యి, దానికి వేలాడే పెద్ద దీపాలు, నడిచేవారికి ఎర్రమనిషి, పచ్చమనిషి బొమ్మలు, సెకన్లు తగ్గుతూ కనిపించే అంకెలు, ఛాతీ ఎత్తులో పసుపురంగు బటన్ పెట్టె. ఎండలో కూడా దీపాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గీతల రంగులో గాజుపూసలు కలపడం వల్ల రాత్రిపూట బండ్ల వెలుతురుకు అవి మెరుస్తాయి, వాన పడినా కాలు జారడం లేదు. బటన్ నొక్కగానే పెట్టె మీద చిన్న ఎర్రదీపం వెలిగి, వినతి అందిందని తెలుపుతుంది. ఈ చిన్న దీపం విలువ తక్కువేమీ కాదు. న్యూయార్క్ నగరంలో 2004 నాటికి దాటేవారి కోసం ఉన్న సుమారు 3,250 బటన్లలో 2,500కు పైగా పనిచేయనివేనని, సిగ్నళ్ళను కంప్యూటర్లకు అప్పగించిన తరువాత అవి ఊరికే మిగిలిపోయాయని బయటపడింది. మా బటన్ నిజంగానే పనిచేస్తుంది. నొక్కకపోతే పచ్చమనిషి ఎంతసేపటికీ రాడు.

నొక్కిన తరువాత ఎంతసేపటికి వస్తాడన్నదే మొదటి చిక్కు. రద్దీ వేళల్లో నిరీక్షణ నిమిషం దాటి, ఒక్కోసారి నిమిషంన్నరకు చేరుతోంది. కారణం అడిగితే, ఈ సిగ్నల్‌ను పక్క కూడలి సిగ్నల్‌తో ముడిపెట్టామని, అక్కడ వదిలిన వాహనాల గుంపు ఇక్కడ ఆగకుండా పోవాలని చెప్పారు. వాహనాల వైపు నుంచి చూస్తే ఇది సమంజసమే. కాని మనిషి ఓపికకు ఒక హద్దు ఉంటుంది. నిరీక్షణ 30 సెకన్లు మించితే పాదచారులు సహనం కోల్పోయి, ఎర్రదీపం ఉన్నా సందు చూసుకొని దాటడానికి మొగ్గుతారని రోడ్ల సామర్థ్యాన్ని లెక్కగట్టడానికి ఇంజినీర్లు వాడే అమెరికా కరదీపికే చెబుతుంది. ఇక్కడ జరుగుతున్నదీ అదే. యువకులు బటన్ నొక్కి, కాసేపు చూసి, సందు దొరకగానే పరుగెత్తి పోతారు. ఆ తరువాత అర నిమిషానికి వాహనాలకు ఎర్రదీపం పడుతుంది. దాటేవారు ఒక్కరూ లేని ఖాళీ గీతల ముందు వాహనాలు నిలబడతాయి. అలా నాలుగుసార్లు ఊరికే ఆగిన డ్రైవరు ఐదోసారి ఆగడం ఎందుకని అనుకొంటే, ఆ ఐదోసారి దాటేది బటన్ నొక్కి బుద్ధిగా నిలబడిన ముసలావిడ కావచ్చు.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. బ్రిటన్‌లో 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన పఫిన్ రకం క్రాసింగ్‌లలో, అంచున మనిషి ఇంకా ఉన్నాడో లేదో కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. నొక్కిన మనిషి వెళ్ళిపోతే ఆ వినతి తనంతట తానే రద్దవుతుంది. గీతల మీద ఇంకా నడుస్తున్నవారు ఉంటే వాహనాల ఎర్రదీపాన్ని కాసేపు పొడిగించే సెన్సర్లు కూడా వాటిలో ఉంటాయి. మా క్రాసింగ్‌లో ఈ రెండూ లేవు. సెన్సర్లకు డబ్బు లేదనుకొన్నా, రాత్రి పది దాటాక పక్క కూడలితో ముడిని విప్పేసి, నొక్కిన వెంటనే దారి ఇవ్వడానికి పైసా ఖర్చు ఉండదు. ఖాళీ రోడ్డు పక్కన, పక్క కూడలి సిగ్నల్ తిరిగి వచ్చేదాకా ఒంటరిగా నిలబడవలసి రావడం ఈ సేవలో నాకు అన్నిటికంటే అర్థం లేనిదిగా కనిపించింది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. పచ్చమనిషి వెలిగినప్పటి నుంచి అంకెలు సున్నాకు వచ్చేదాకా దాటడానికి దొరికే సమయం 12 సెకన్లు. రోడ్డు వెడల్పు 14 మీటర్లు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనేక దేశాల సిగ్నల్ లెక్కల్లో చాలాకాలంగా తీసుకొంటున్నారు, 14ను 1.2తో భాగించి పైకి సర్దితే వచ్చేది సరిగ్గా 12. అంటే ఇంజినీరు లెక్క తప్పలేదు, ఆయన ఊహించుకొన్న మనిషే తప్పు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్ళు పైబడినవారి నడకను కొలిచి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పురుషుల సగటు వేగం సెకనుకు 0.9 మీటర్లుగా, స్త్రీల సగటు 0.8 మీటర్లుగా తేలింది. ఆ రెండో వేగంతో నడిచే స్త్రీ, పచ్చదీపం పడిన మరుక్షణమే అడుగు వేసినా, 12 సెకన్లలో 9.6 మీటర్లే నడవగలదు. వాహనాలకు పచ్చదీపం పడే వేళకు ఆవిడ మూడో వరుసలో ఉంటుంది, ఇంకా ఒక వరుస పూర్తిగా మిగిలే ఉంటుంది. ఆ దూరం దాటడానికి ఆవిడకు నిజంగా కావలసింది పదిహేడున్నర సెకన్లు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. కూరగాయల సంచీతో నడుస్తున్న ఒక పెద్దావిడ, అంకె మూడుకు వచ్చేసరికి రోడ్డు నడుమ ఆగిపోయి, ముందుకు పోవాలో వెనక్కి రావాలో తోచక అటూ ఇటూ చూడడం నేను దగ్గరి నుంచి చూశాను. పక్కనే నడుస్తున్న బడిపిల్ల ఆవిడ చెయ్యి పట్టుకొని, "రండి మామ్మగారూ, వాళ్ళు ఆగుతారు" అంటూ మరో చేతిని వాహనాల వైపు చాచి నడిపించుకుపోయింది. వాళ్ళు ఆగారు. ఆగకపోయినా, ఆ దీపాల ప్రకారం వారిది తప్పు కాకపోయేది.

అమెరికా తన సిగ్నల్ ప్రమాణాల 2009 నాటి కూర్పులో ఈ నడక వేగాన్ని సెకనుకు 4 అడుగుల నుంచి మూడున్నర అడుగులకు, అంటే సుమారు 1.07 మీటర్లకు తగ్గించింది. సింగపూర్ 2009లో మరో దారి పట్టింది: వృద్ధులు, వికలాంగులు తమ కార్డును బటన్ పెట్టెకు తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్ల దాకా అదనపు సమయం దొరుకుతుంది. ఈ పద్ధతి నాకు తెలివైనదిగా తోచింది, ఎందుకంటే అందరి కోసం ప్రతిసారీ వాహనాలను ఎక్కువసేపు ఆపనవసరం లేదు, అవసరమైనవారికి మాత్రం లోటు ఉండదు. మా విషయంలో అంత హంగు అవసరం లేదు. 12ను 18 చేస్తే చాలు. ఆరు సెకన్లు పెంచితే వాహనాల వరుస పొడవెక్కుతుందని జవాబు వచ్చింది గాని, ఎంత పొడవెక్కుతుందో లెక్క చూపమని అడిగితే కాగితం మాత్రం రాలేదు.

సమయం పెంచడం కష్టమనుకొంటే, దూరాన్ని సగం చేయవచ్చు. రోడ్డు నడుమ మనిషి నిలబడడానికి వీలుగా, రెండు మీటర్ల వెడల్పుతో ఒక తిన్నె కట్టాలని మేము మొదటి వినతిపత్రంలోనే కోరాము. అది ఉంటే ఒక్కో విడతలో రెండు వరుసలే దాటాలి, ఒక్కో విడతలో ఒక వైపు వాహనాలనే చూసుకోవాలి, సమయం చాలనివారికి ఆగడానికి చోటు ఉంటుంది. వరుసల వెడల్పు తగ్గుతుందని తిన్నెను తీసేశారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో జరిగిన పెద్ద నష్టం ఇదే. సెకన్లను ఎప్పుడైనా మార్చవచ్చు, తిన్నె కోసం మళ్ళీ రోడ్డు తవ్వాలి.

వాహనాలు ఆగవలసిన అడ్డగీతను కూడా నడిచే గీతలకు మరీ దగ్గరగా, ఒక పెద్ద అడుగు దూరంలో గీశారు. దానితో ముందు వరుసలో ఆగిన లారీ చాటున ఏముందో పక్క వరుసవారికి కనిపించడం లేదు, బైకులవారు మెల్లగా జరిగి జరిగి గీతల మీదికి వచ్చేస్తున్నారు. సిగ్నల్ లేని బహుళ వరుసల క్రాసింగ్‌లలో వాహనాలు ఆగే గీత 6 నుంచి 15 మీటర్ల వెనక ఉండాలన్నది అమెరికా ప్రమాణం. సిగ్నల్ ఉన్న చోట అంత దూరం అక్కరలేకపోయినా, రెండు మూడు మీటర్లు వెనక్కి జరపడానికి కావలసింది ఒక డబ్బా పెయింటు, ఒక రాత్రి పని.

చూపు లేనివారి కోసం చేసిన ఏర్పాట్లు సగం బాగున్నాయి. ఫుట్‌పాత్ అంచును రోడ్డు మట్టానికి వాలుగా దించి, అక్కడ గుబ్బలున్న పలకలు పరిచారు. జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించగా, 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచిన పలకల సంతతి ఇవి. కాలికి తగలగానే ఇక్కడితో ఫుట్‌పాత్ అయిపోయిందని తెలుస్తుంది. పనివాళ్ళు వాటిని దాటే దిశకు సరిగ్గా ఎదురుగా, అంచు పొడవునా, ఖాళీ లేకుండా పరిచారు. ఈ పని తప్పుగా జరగడమే ఎక్కువగా చూస్తుంటాము కనుక ప్రత్యేకంగా మెచ్చుకొంటున్నాను. శబ్దం దగ్గరే తేడా వచ్చింది. పచ్చదీపంతో పాటు వచ్చే కీచు శబ్దం పగటి రొదలో వినపడడానికి తగినంత గట్టిగా పెట్టారు. రాత్రి అదే శబ్దం పక్క ఇళ్ళవారి నిద్ర చెడగొట్టింది. వారు ఫిర్యాదు చేయగానే శబ్దాన్ని రాత్రీ పగలూ పూర్తిగా ఆపేశారు. చుట్టూ ఉన్న రొదను బట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గించుకొనే పరికరాలు ఉన్నాయి. బ్రిటన్‌లోనైతే బటన్ పెట్టె అడుగున, పచ్చదీపం పడినప్పుడు తిరిగే చిన్న శంకువు కూడా ఉంటుంది, దాని మీద వేలు ఉంచితే శబ్దం లేకుండానే సంగతి తెలుస్తుంది. నిద్ర కావలసినవారికీ దారి కావలసినవారికీ మధ్య తగవు పెట్టనవసరం లేని ఉపాయం అది.

వాహనాల ప్రవాహానికి అంతరాయం కలగకూడదన్న మాట ఈ వ్యవహారంలో చాలాసార్లు విన్నాను కనుక ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర 1868 డిసెంబరులో రైల్వే ఇంజినీరు జె.పి. నైట్ నిలబెట్టిన తొలి వీధి సిగ్నల్ మోటారు కార్ల కోసం పుట్టింది కాదు, అప్పటికి రోడ్ల మీద అవి లేనే లేవు; గుర్రపు బళ్ళ రద్దీలో నడిచేవారు దాటడానికే దాన్ని పెట్టారు. గ్యాసుతో వెలిగే ఆ దీపం నెల తిరగకముందే పేలి, దాన్ని నడుపుతున్న పోలీసు గాయపడ్డాడు. మన సిగ్నళ్ళు పేలవు గాని, ఎవరి కోసం పుట్టాయో మాత్రం మరచిపోయాయి.

ఏర్పాటు తరువాత అందుతున్న సేవ పరవాలేదు. ఒక వైపు బటన్ ఇరుక్కుపోయిందని తెలిపితే త్వరలోనే మార్చారు. దీపాల మరమ్మతుకు మనుషులు వస్తారు, గీతలకు మళ్ళీ రంగు వేస్తామంటారు. సెకన్ల మార్పు అడిగినప్పుడు మాత్రం, అది తమ విభాగం కాదంటూ ఒకరి నుంచి మరొకరికి పంపుతారు. ఏ వేళకు ఎన్ని సెకన్లో తెలిపే సమయాల పట్టిక ప్రతిని ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాము. కొత్తగా క్రాసింగ్ అడిగేవారు ఆ పట్టికను నిర్మాణానికి ముందే, నడక వేగం ఎంతని తీసుకొన్నారో స్పష్టంగా రాసి ఇవ్వమని అడగాలి. స్తంభాలు నిలబడ్డాక అడిగేవాడి మాటకు బలం తగ్గుతుంది.

ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. గీతలతో సరిపెట్టి ఉంటే ఒకటికి మించి ఇచ్చేవాడిని కాను. 18 సెకన్లు, నడిమి తిన్నె ఉంటే నాలుగున్నర ఇచ్చేవాడిని. ఇక్కడ దాటేవారు బటన్ నొక్కిన తరువాత పెట్టె మీది ఎర్రదీపం వెలిగిందో లేదో చూసుకోవాలి, వెలగకపోతే మళ్ళీ నొక్కాలి. నడక నెమ్మదిగా ఉన్నవారు, అంకెలు అప్పటికే తగ్గుతుంటే ఎంత సమయం కనిపించినా బయలుదేరకుండా మరుసటి పచ్చదీపం కోసం ఆగడం మేలు. ఫిర్యాదు చేసేటప్పుడు స్తంభం అడుగున తెల్లరంగుతో రాసిన సంఖ్యను తప్పక చెప్పాలి, లేకపోతే అది పక్క కూడలి సిగ్నల్ పేరిట నమోదవుతోంది.